ఆ చార్జింగ్ బండికి కాగితాలే అక్కర్లేదన్నాడా అమ్మాయ్?

ఆ కరివేపాకు కొమ్మ నీ వైపే వంగింది, విరుచుకోమ్మా, ప్రతిసారీ అడగాలా! ఇంతకీ పొద్దున తండ్రీకొడుకులిద్దరూ బోసు రోడ్డు వైపు వెళ్లొచ్చారు, చార్జింగ్ బండి చూడ్డానికేనా? అదే అనుకున్నాను. మీవాడు నిన్న సాయంత్రం చెప్పాడులే, "అమ్మమ్మగారూ, దానికి పెడల్ కూడా ఉంటుంది, బ్యాటరీ అయిపోతే తొక్కుకుంటూ వచ్చేయొచ్చు" అని. కళ్లు మెరిసిపోతున్నాయి వాడికి. ఇంటర్ పిల్లాడు, రెండు పూటలా షేర్ ఆటో అంచున వేలాడుతూ వెళ్తుంటే నాకే గుండె దడగా ఉండేది. కొనండి, మంచి పనే.

అయితే ఆ కొట్టతను ఏమన్నాడన్నావ్? లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అసలే అక్కర్లేదు, డబ్బు కట్టి బండి ఇంటికి తీసుకుపోండి అన్నాడా? అబద్ధమేం కాదు తల్లీ. కాకపోతే సగమే చెప్పాడు. రిటైరయ్యేదాకా నేను పనిచేసింది ఇన్సూరెన్స్ ఆఫీసులో మోటారు క్లెయిముల సెక్షన్లోనే కదా. ఆ మిగతా సగం తెలియక కోర్టు మెట్ల మీద కూర్చున్న వాళ్లని చూశాను. అందుకే నువ్వు అడక్కపోయినా చెప్తున్నాను. పొయ్యి మీద ఏమన్నా ఉంటే కట్టేసిరా, ఇది రెండు మాటల్లో తేలేది కాదు.

మోటారు వాహనాల చట్టం అని 1988 నాటిది ఒకటుంది. అందులో సెక్షన్ 146 ప్రకారం రోడ్డెక్కే ప్రతి మోటారు బండికీ కనీసం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండి తీరాలి. లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. మళ్లీ దొరికితే జరిమానా 4,000. ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ ఏది మోటారు బండి, ఏది కాదు అన్న దగ్గరే మీ కొట్టతను చెప్పిన మాటకి ఆధారం ఉంది. 1989 నాటి సెంట్రల్ రూల్స్‌లో బ్యాటరీ బండికి ఒక మినహాయింపు పెట్టారు. మోటారు శక్తి 250 వాట్లకి లోపుండాలి, వేగం గంటకి 25 కిలోమీటర్లకి లోపుండాలి. పెడల్ తొక్కుతుంటే మోటారు సాయం చేసే సైకిలైతే, వేగం 25కి చేరేసరికి ఆ మోటారు సాయం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోవాలి, తొక్కడం మానేసినా ఆగిపోవాలి. బ్రేకులు సరిగ్గా ఉండాలి, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్రది ఉండాలి. ఇవన్నీ పరీక్షించి సరే అని చెప్పడానికి పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి టెస్టింగ్ సంస్థలున్నాయి. వాటి సర్టిఫికెట్ ఉన్న మోడలు అయితేనే చట్టం కళ్లకి అది మోటారు వాహనం కాదు, మామూలు సైకిలుతో సమానం. సర్టిఫికెట్ లేకపోతే కొట్టతను ఎన్ని ప్రమాణాలు చేసినా లాభం లేదు. అందుకని మీ ఆయన అక్కడ అడగాల్సిన మొదటి కాగితం అదే. రేటు తగ్గిస్తావా, హెల్మెట్ ఫ్రీగా ఇస్తావా అన్నవి ఆ తర్వాత.

పెడల్ ఉంటే చాలు సైకిలే కదా అనుకుంటారు చాలామంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసుకి లూనా మీద వెళ్లేదాన్ని. నువ్వు చూసి ఉండవు. 1972లో వచ్చింది ఆ బండి. తర్వాత 1980లో టీవీఎస్ 50 వచ్చాక ఇద్దరెక్కే మోపెడ్ అని ఇంటింటికీ పాకింది. రెండింటికీ పెడల్సే. పెట్రోలు అయిపోతే తొక్కుకుంటూ వచ్చేవాళ్లం కూడా. అయినా నంబరు ప్లేటు, లైసెన్సు, ఇన్సూరెన్స్ అన్నీ ఉండేవి. చట్టం పెడల్‌ని చూడదు, మోటారుని చూస్తుంది. ఇప్పుడు సైకిలుకి చిన్న పెట్రోలు ఇంజను బిగించి అమ్మే వాళ్లున్నారు చూడు, అక్కడా అంతే. ఇంజను 25 సీసీ దాటిందంటే అది మోటారు బండి. ఆమోదం లేని ఆ బండికి రిజిస్ట్రేషన్ చెయ్యరు, రిజిస్ట్రేషన్ లేనిదానికి ఏ కంపెనీ పాలసీ ఇవ్వదు. అటువైపు మాత్రం పోవద్దు.

ఏమన్నావ్? మీవాడి స్నేహితుడు అదే బండి కొని స్పీడు పెంచించుకున్నాడా? వైరు ఒకటి తీసేస్తే 45 పోతోందా? అమ్మాయ్, ఇలా దగ్గరకి రా. ఇదే నేను భయపడుతున్నది. ఆ వైరు తీసిన నిమిషం నుంచి అది సైకిలు కాదు, మోటారు వాహనం. రిజిస్ట్రేషన్ లేని, ఇన్సూరెన్స్ లేని, లైసెన్సు లేని పిల్లాడు నడిపే మోటారు వాహనం. పోలీసు ఆపితే చలానాతో పోదు. 2019లో చట్టం సవరించినప్పుడు 199ఏ అని కొత్త సెక్షన్ పెట్టారు. పద్దెనిమిది నిండని పిల్లలు బండి నడిపి నేరం చేస్తే శిక్ష తండ్రికో తల్లికో, బండి ఎవరిదైతే వాళ్లకో. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. పైగా ఆ పిల్లాడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇరవై ఐదేళ్ల దాకా అంటే ఆలోచించు, ఉద్యోగంలో చేరే వయసంతా అందులోనే పోతుంది. ఆ వైరు తీయించడమంటే కొరివితో తల గోక్కోవడమే. మీవాడు మంచివాడే, నాకు తెలుసు. కానీ పక్కవాడు 45లో దాటిపోతుంటే పదిహేడేళ్ల వయసు ఊరుకోదు. ఈ మాట బండి కొన్నాక కాదు, కొనకముందే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. కొట్లోనూ చెప్పండి, స్పీడు ముట్టుకోవద్దని.

జైలూ జరిమానా అలా ఉంచు. నా మనసులో ఉన్నది వేరే. అలాంటి మాట నోట రాకూడదు గానీ, చెప్పకపోతే నీకు అర్థం కాదు. ఆ బండి తగిలి ఒక మనిషి పోయాడనుకో. ముప్పై రెండేళ్ల మనిషి, నెలకి 15,000 సంపాదిస్తున్నాడు, భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. ట్రైబ్యునల్లో లెక్క ఎలా వేస్తారో చెప్తాను. ఏడాదికి 1,80,000. సొంత పని చేసుకునేవాడు, నలభై లోపు వయసు కాబట్టి ముందు ముందు సంపాదన పెరిగేదని 40 శాతం కలుపుతారు, 2,52,000 అయింది. అందులో తన సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తారు, 1,68,000 మిగిలింది. అతని వయసుకి 16తో గుణిస్తారు. 26,88,000 రూపాయలు. అంత్యక్రియలకనీ, తోడు కోల్పోయినందుకనీ ఇంకొంత. దాని పైన కేసు వేసిన రోజు నుంచి వడ్డీ. ఈ గుణకారం సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో ఖాయం చేసింది, ఆ 40 శాతం సంగతి 2017లో ప్రణయ్ సేథీ కేసులో తేల్చింది. నేను ఇలాంటి లెక్కలు ఎన్ని వేశానో. కాగితం మీద అంకెలే కదా అనిపించేది కాదు నాకు ఎప్పుడూ. ఆ వైపు కుర్చీలో ఆ భార్య కూర్చుని ఉండేది.

బండికి ఇన్సూరెన్స్ ఉంటే ఆ డబ్బు కంపెనీ కడుతుంది. మనుషుల ప్రాణానికి, గాయాలకి థర్డ్ పార్టీలో ఇంత అని పరిమితి కూడా లేదు, కోర్టు ఎంతంటే అంత. లేకపోతే? బండి యజమాని కట్టాలి. యజమాని అంటే మీ ఆయన. మీ షాపు, మీ ఇల్లు, నీ మెళ్లో గొలుసు. అవతల ఆ ఆడమనిషికీ దక్కేది ఏమీ ఉండదు. పది లక్షలు అప్పు చేసి కట్టినా ఆమెకి సగం కూడా చేరదు, మీరు మాత్రం మునిగిపోతారు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ పోలీసు కోసం అనుకుంటారు అందరూ. అది రోడ్డు మీద మనకి ఎదురొచ్చే మనిషి కోసం.

సరే, వైరు తీయలేదు, సర్టిఫికెట్ ఉన్న మంచి బండే, 25 లోపే పోతోంది. అప్పుడు? అప్పుడు చట్టం ఇన్సూరెన్స్ అడగదు, కంపెనీ వాళ్లు మోటారు పాలసీ ఇవ్వరు కూడా, ఎందుకంటే ఆర్సీ ఉండదు. కానీ బండి తగిలిన ముసలాయనకి తుంటి ఎముక విరగడం విరుగుతుంది కదా! 20 కిలోమీటర్ల వేగంలో వచ్చి గుద్దినా విరుగుతుంది. ఆయన మోటారు ట్రైబ్యునల్‌కి వెళ్లలేడు, అది మోటారు వాహనం కాదు కాబట్టి. మామూలు సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. అక్కడ పరిహారం కట్టమంటే కట్టాల్సింది మన జేబులోంచే. కొట్టతను చెప్పని సగం ఇది. ఇన్సూరెన్స్ అక్కర్లేదు అంటే పూచీ లేదు అని కాదు, ఆ పూచీ పంచుకునేవాడు లేడు అని.

అందుకే నేను ఇలాంటి బండి కొనే వాళ్లందరికీ ఒకటే చెప్తున్నాను, బండికి పాలసీ దొరకదు కాబట్టి మనిషికి చేయించండి అని. మీవాడిని ఏ లారీయో గుద్దిందనుకో, అప్పుడు లారీ థర్డ్ పార్టీ పాలసీలోంచి వాడికి పరిహారం వస్తుంది, సైకిలు మీద ఉన్నాడా, నడుస్తున్నాడా అన్నది అడ్డం కాదు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా ప్రభుత్వం ఇచ్చేది కొంత ఉంది, 2022 ఏప్రిల్ నుంచి ప్రాణం పోతే రెండు లక్షలు, తీవ్ర గాయమైతే 50,000. కానీ వానకి రోడ్డు మీద ఇసుక మేట వేసి తనంతట తానే జారిపడితే? ఎవరినీ అడగడానికి లేదు. దానికే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. అందులోనే కుటుంబం మొత్తానికి కలిపి ఇచ్చేవి ఉన్నాయి, మీ ఇద్దరి పేర్లతో పాటు పిల్లల్నీ రాయించొచ్చు. చాలా కాలేజీలు పిల్లలందరి తరఫున గ్రూపు యాక్సిడెంట్ పాలసీ తీసుకుంటాయి, ఆఫీసులో అడగండి, ఫీజులో కట్టి ఉంటారు, మీకే తెలిసి ఉండదు. ఇక మెడికల్ పాలసీ. కొత్తగా తీసుకుంటే మామూలు జబ్బులకి మొదటి నెల రోజులు వర్తించదు గానీ, యాక్సిడెంట్‌కి మాత్రం మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఆసుపత్రి బిల్లు దానిమీద పోతుంది.

బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందా మీకు? 20 రూపాయలది. మొదట్లో ఏడాదికి 12 ఉండేది, 2022 జూన్ నుంచి 20 చేశారు. యాక్సిడెంట్‌లో ప్రాణం పోయినా, రెండు కళ్లో రెండు కాళ్లో పోయినా రెండు లక్షలు, ఒక కన్నో ఒక కాలో పోతే లక్ష. పద్దెనిమిది నుంచి డెబ్బై ఏళ్ల లోపు వాళ్లకి, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. మీవాడికి పద్దెనిమిది నిండాలి, వచ్చే శ్రావణానికి కదూ? నిండగానే రాయించు. మీ ఇద్దరికీ మాత్రం రేపే వెళ్లి పాస్‌బుక్ చూపించి అడుగు. ఏటా జూన్ 1న ఖాతాలోంచి వాళ్లే తీసుకుంటారు, ఆ రోజుకి ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేట్టు చూసుకోవాలి. ఖాతా ఖాళీగా ఉండి బీమా ఆగిపోయిన ఇళ్లు ఉన్నాయి, యాక్సిడెంట్ అయ్యాక గాని వాళ్లకి తెలియలేదు. ఎంత కడుపు తరుక్కుపోతుందో అలాంటివి చూస్తే.

బండి పోతే అంటావా? ఎవరన్నా ఎత్తుకుపోతే. కొన్ని ప్రైవేటు కంపెనీలు సైకిళ్లకి పాలసీ ఇస్తున్నాయి, దొంగతనానికి, దెబ్బ తగిలినదానికి. బ్యాటరీ సైకిలుకి ఇస్తారో లేదో రాతలో చదివి తీసుకోవాలి. ఆర్సీ లేని బండి కాబట్టి ఇది నాదే అని చూపడానికి మీ దగ్గర ఉండేది బిల్లే. కొన్న రోజునే ఫ్రేము మీద నంబరు, మోటారు నంబరు, బ్యాటరీ నంబరు ఫోటోలు తీసి పెట్టుకోండి, ఆ నంబర్లు బిల్లులోనూ రాయించండి. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వాలన్నా అవే అడుగుతారు.

చార్జింగ్ ఎక్కడ పెడతారు? పడగ్గదిలోనా! వద్దు, వద్దు. 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనూ, అటు నిజామాబాద్‌లోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయారు, గుర్తుందా, టీవీల్లో ఒకటే వార్తలు. నిద్రలో ఉన్నవాళ్లకి లేచే వ్యవధి కూడా ఉండదు. వరండాలో పెట్టండి, మీరంతా మెలకువగా ఉన్నప్పుడే పెట్టండి, వాళ్లు ఇచ్చిన చార్జరుతోనే పెట్టండి. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద కరెంటు స్కూటరైతే ఫుల్ ఇన్సూరెన్స్‌లో నిప్పంటుకున్న నష్టం, దానంతట అదే అంటుకున్నా సరే, వస్తుంది. ఊరికే బ్యాటరీ చచ్చిపోయింది, మోటారు పనిచెయ్యట్లేదు అంటే మాత్రం రాదు, అది వారంటీ వాళ్లని అడగాల్సింది.

ఇంతసేపూ పిల్లాడి బండి గురించే మాట్లాడాం గానీ, నాకు అంతకంటే మీ ఆయన ఎక్సెల్ బండి మీద బెంగగా ఉంది. దానికి ఇన్సూరెన్స్ ఉందా? ఉందో లేదో తెలియదంటావేమిటమ్మా! దాని మీద బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు వేసుకుని రోజుకి ఎన్నిసార్లు తిరుగుతాడు ఆయన! ఎక్సెల్ హండ్రెడ్ కదా, దాని ఇంజను 99.7 సీసీ. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 సీసీ నుంచి 150 లోపు బండికి ఏడాదికి థర్డ్ పార్టీ 714 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 842 చిల్లర. మీ మామయ్యగారి కాలం నాటి పాత ఎక్సెల్ 75 సీసీకి లోపే, అది అయితే 538. మూడు కిలోవాట్ల లోపు కరెంటు స్కూటరుకి ఇంకా తక్కువ, 457. ఈ రేటు ప్రభుత్వం ఖాయం చేసింది, ఏ కంపెనీ దగ్గరికి వెళ్లినా ఒకటే. ఎవరన్నా థర్డ్ పార్టీ తక్కువకి చేయిస్తానన్నాడంటే ఆ కాగితాన్ని నమ్మకు. దొంగ పాలసీలు నా చేతుల మీదుగా వెళ్లాయి, పాలసీ నంబరు వేరే ఊళ్లో ఇంకెవరి కారుదో అయి ఉండేది. కంపెనీ వెబ్‌సైట్లో నంబరు కొట్టి చూడమను మీవాణ్ని, నిమిషం పని.

ఏడాదికి 842 రూపాయలు, ఆ 26 లక్షల లెక్క గుర్తుంది కదా, దానికి అడ్డు నిలబడేది ఇదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీ అత్తగారిని ఆ బండి వెనక కూర్చోబెట్టుకుని గుడికి తీసుకెళ్తాడు కదా ఆయన. ఉత్త థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే వెనక కూర్చున్న మనిషికి దెబ్బ తగిలినా కంపెనీ బాధ్యత లేదు. ఈ మాట విని తెల్లబోతారు అందరూ. థర్డ్ పార్టీ అంటే మనం కాక మిగతా అందరూ అనుకుంటారు. 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, టూవీలరు వెనక కూర్చున్నవాళ్లు ఆ పాలసీలోకి రారని. ఫుల్ ఇన్సూరెన్స్, ప్యాకేజీ పాలసీ అంటారే, అది ఉంటే వస్తారు. ఆ మాట బీమా నియంత్రణ సంస్థ 2009లో సర్క్యులర్ ఇచ్చి మరీ చెప్పింది. రోజూ వెనక మనిషి ఎక్కే బండికి థర్డ్ పార్టీతో సరిపెట్టకండి. బండి పాతదైతే సొంత నష్టం కింద వచ్చేది తక్కువే, నాలుగేళ్లు దాటితే విలువలో సగం తగ్గించి లెక్క కడతారు, టైర్లకి, బ్యాటరీకి, ప్లాస్టిక్ సామానుకి సగమే ఇస్తారు, నిజమే. అయినా మీ అత్తగారి కోసం తీసుకోండి.

నడిపే మనిషికి వేరే ఉంది. ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ అని 15 లక్షలకి ఇస్తారు. పాలసీ కట్టేటప్పుడు ఆ గడి దగ్గర చాలామంది "అక్కర్లేదు" అని టిక్కు పెట్టేస్తారు, కొన్ని వందలు మిగులుతాయని. ఇంకోచోట అలాంటి పాలసీ ఉంటే పెట్టొచ్చు, తప్పులేదు. లేకపోతే పెట్టకూడదు. సంపాదించే మనిషి ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఆ 15 లక్షలే పిల్లల చదువు. నామినీగా నీ పేరు, వయసు సరిగ్గా రాయించుకో. అది ఖాళీగా వదిలేసి వారసత్వ సర్టిఫికెట్ కోసం తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగిన ఆడవాళ్లు నా టేబుల్ ముందుకి వచ్చేవాళ్లు. నేను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు.

షాపులో పనికుర్రాడు కూడా నడుపుతాడా ఆ బండి? లైసెన్సు ఉందా వాడికి? లేదా! అయితే విను. లైసెన్సు లేనివాడు నడిపి ఎవరినన్నా గుద్దితే, కంపెనీ ముందు ఆ బాధితుడికి డబ్బు కట్టేస్తుంది, కట్టి, ఆ మొత్తం మళ్లీ మీ ఆయన దగ్గర వసూలు చేసుకుంటుంది. 2004లో స్వరణ్ సింగ్ కేసు నుంచి కోర్టులు ఇదే పద్ధతి నడుపుతున్నాయి. అంటే పాలసీ ఉండి కూడా లేనట్టే మీకు. ఆ కుర్రాడికి లైసెన్సు తీయించండి, అంతవరకు తాళం ఇవ్వకండి. వాడూ ఒక తల్లి బిడ్డే, పడితే వాడి గతేమిటి?

ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది? ఏంటీ, కొన్నాయన పేరు మీదికి మార్చనేలేదా? సెకండ్ హ్యాండులో కొని ఎన్నాళ్లయింది! ఇదే, ఇదే అన్నిటికంటే ముందు చక్కబెట్టాల్సింది. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ వరకు పాలసీ కొన్నవాడికి వచ్చినట్టే లెక్క. పద్నాలుగు రోజుల్లో కంపెనీకి చెప్పి పేరు మార్పించుకోవాలి. మార్పించకపోతే సొంత నష్టం డబ్బు రాదు. ఆ 15 లక్షల యాక్సిడెంట్ కవరు ఉందే, అది ఆర్సీలో పేరున్న యజమానికి, లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. మీ ఆయన ఎంత ప్రీమియం కట్టినా ఆయన ఆ బండికి చట్టం దృష్టిలో యజమాని కాదు. ఇక అమ్మినాయన పరిస్థితి ఇంకా ఘోరం. మీవాళ్లు ఎవరినన్నా గుద్దితే నోటీసు ఆయనకి పోతుంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది, ఆర్సీలో ఎవరి పేరుంటే వాడే యజమాని, ఎన్నిసార్లు చేతులు మారినా సరే అని. మన వల్ల ఇంకొకరు కోర్టుకి తిరగడం ఏమన్నా బాగుంటుందా చెప్పు.

కాబట్టి ఈ వారంలో చెయ్యాల్సింది ఇదీ. కొట్టతన్ని సర్టిఫికెట్ చూపించమని అడగడం, బ్యాంకులో ఆ 20 రూపాయలది రాయించడం. వీటికి నువ్వూ మీవాడూ చాలు. ఎక్సెల్ పని మాత్రం మీ ఆయనే చూసుకోవాలి. పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30 కావాలి, వాటి మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఆదివారం ఆర్సీ, పాత పాలసీ కాగితం, ఆయన లైసెన్సు పట్టుకుని రమ్మను, ఫారాలు నేనే కూర్చుని నింపిపెడతాను. అంతలోపు నువ్వు ఒక్కటి కనుక్కో, ఆ బండి అమ్మినాయన ఇంకా మారీసుపేటలోనే ఉంటున్నాడా, లేక ఇల్లు మారి ఇంకే ఊరైనా వెళ్లిపోయాడా? ఆయన సంతకం లేందే ఫారాలు ముందుకి కదలవు.